పైలట్ ‘తప్పు మీట’ లాగాడట: అపోహలు - వాస్తవాలు

ఎక్కడ విమానం కూలినా సాయంత్రానికల్లా బెంజి సర్కిల్ టీ కొట్ల దగ్గర తీర్పు వెలువడుతుంది: పైలట్ ఏదో తప్పు మీట లాగాడట! ఏటీఆర్ (రెండు ప్రొపెల్లర్ల ప్రయాణికుల విమానం) నడిపి, ఇప్పుడు సిమ్యులేటర్‌లో (నేలమీద ఉండే నమూనా కాక్‌పిట్‌లో) శిక్షణ ఇస్తున్న నన్ను విజయవాడ వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు అడుగుతారు: “అంత చదివినవాళ్లకు ఏ మీట ఏదో తెలియదా అండీ?”

అపోహ: అలాంటి తప్పు చేసేది అనుభవం లేనివాళ్లో, నిర్లక్ష్యం ఉన్నవాళ్లో.

2023 జనవరి 15న నేపాల్‌లోని పోఖరాలో కూలిన ఏటీఆర్‌లో తప్పు మీట కదిపింది శిక్షకుడు. కొత్త విమానాశ్రయాన్ని కెప్టెన్‌కు అలవాటు చేయడానికి పక్కన కూర్చున్న మనిషి. కెప్టెన్ ‘ఫ్లాప్స్ 30’ అని అడిగారు, అంటే దిగడానికి రెక్కల వెనుక అంచు పలకలను 30 స్థానానికి దించమని. ఈయనా ‘ఫ్లాప్స్ 30’ అనే బదులిచ్చారు. చేయి మాత్రం ఫ్లాప్ లివర్‌కు పక్కనే ఉన్న కండిషన్ లివర్లు (ప్రొపెల్లర్లను అదుపు చేసే మీటలు) రెండింటినీ ఫెదర్‌లోకి లాగింది. అంటే ప్రొపెల్లర్ రెక్కలు గాలికి అంచు తిప్పేశాయి. ఇంజిన్లు ఆగలేదు కానీ విమానాన్ని ముందుకు లాగే బలం పోయింది. పవర్ రావడం లేదని కెప్టెన్ పదే పదే అన్నారు. ఎందుకు రావడం లేదో ఇద్దరికీ తట్టలేదు. సుమారు ఒక్క నిమిషం. విమానంలో ఉన్న 72 మందీ పోయారు.

ఇది నమ్మశక్యం కాదనేవాళ్లు ఒకసారి నా వెనుక సీట్లో కూర్చోవాలి. తల నెరిసిన కెప్టెన్ ఒకరు, ఎదురుగాలి కుదుపుల్లో, టవర్ (విమానాశ్రయ కంట్రోలర్) మాట్లాడుతుండగా నోటితో ‘ఫ్లాప్స్’ అన్నారు. వేళ్లు వెళ్లి కండిషన్ లివర్ల మీద ఆగాయి. లాగలేదు. తల వంచి, ఆ చేయి తనది కానట్టు చూసుకున్నారు. పట్టుకో, చూడు, అప్పుడు కదుపు అని నేను విసుగు పుట్టేదాకా చెప్పేది అందుకే. పని ఎంత అలవాటైతే మనసు అంతగా చేతికి వదిలేస్తుంది. అనుభవం ఈ తప్పుకు విరుగుడు కాదు, కొన్నిసార్లు కారణం కూడా.

ఈ అపోహకు తోకలా ఇంకొకటి: ‘పైలట్ తప్పిదం’ అని తేలితే విచారణ అయిపోయినట్టే.

అసలు నష్టం ఇక్కడే. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక, ఫ్లాప్స్ బదులు చక్రాలను పైకి లాగేసి నేలమీద కూలబడేవి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే మనస్తత్వవేత్త పైలట్లను తిట్టకుండా కాక్‌పిట్‌ను చూశాడు. రెండు మీటలూ ఒకేలా, పక్కపక్కనే ఉన్నాయి. చక్రాల మీటకు చక్రం ఆకారం, ఫ్లాప్ మీటకు రెక్క ఆకారం పెడితే సరి అన్నాడు. నేటికీ ఆ ఆకారాలే.

1992 జనవరి 20న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో దిగుతున్న ఎయిర్ ఇంటర్ సంస్థ ఎయిర్‌బస్ ఎ320 విమానం కొండను ఢీకొని 87 మంది చనిపోయారు. దిగాల్సింది 3.3 డిగ్రీల వాలులో. ఆ వాలును పెట్టే నాబే వేరే మోడ్‌లో దిగే వేగాన్ని పెడుతుంది, అప్పుడు 33 అంటే నిమిషానికి 3,300 అడుగులు, కావలసినదానికి దాదాపు నాలుగింతలు. అంకెల్లో తేడా ఒక్క చుక్క. విచారణ ఎక్కువగా మొగ్గింది ఈ మోడ్ పొరపాటు వైపే. తర్వాత ఎయిర్‌బస్ ఆ డిస్‌ప్లేలో నాలుగు అంకెలూ కనిపించేలా మార్చింది. ‘పైలట్ తప్పు’ అని ఫైలు మూసేసి ఉంటే ఆ చుక్క ఇంకా అక్కడే ఉండేది.

1990లో బెంగళూరు, 2013లో శాన్‌ఫ్రాన్సిస్కో విమాన ప్రమాదాలు కూడా ఇలాంటివే: ఆటోమేషన్ వేగం చూసుకుంటోందని మనిషి నమ్మకం, ఆ మోడ్‌లో అది తన పని కాదని యంత్రం లెక్క. తప్పు ఒప్పుకున్నవాడి ఉద్యోగం ఊడగొడితే, ఇలాంటివి ప్రమాదం జరిగాకే బయటపడతాయి.

అపోహ: దింపేది కంప్యూటరే. ఎక్కువ ల్యాండింగులు చేత్తో చేసేవే. ఆటోలాండ్‌కు విమానం, రన్‌వే పరికరాలు, పైలట్ అర్హత అన్నీ కుదరాలి.

అపోహ: గట్టిగా దిగితే పైలట్‌కు పని రాదు. తడి రన్‌వే మీద కాస్త గట్టిగా దింపడమే పద్ధతి.

అపోహ: దిగబోయి మళ్లీ పైకి లేచిందంటే చావు తప్పినట్టే. గుంటూరు బ్రాడీపేటలో మాకు తెలిసిన ఒక పెద్దావిడకు గన్నవరంలో ఇలా జరిగింది. అప్పటి నుంచి రైలే. ఆమె భయాన్ని నేను తేలిక చేయను. ఇంజిన్లు ఒక్కసారిగా గర్జిస్తాయి, ముక్కు పైకి లేస్తుంది, ఎవరూ ఏమీ చెప్పరు. కానీ అప్రోచ్ (రన్‌వే వైపు దిగుతూ రావడం) కుదరలేదంటే పైకి లేవడమే సరైన పని. 2010లో మంగళూరులో కో-పైలట్ మూడుసార్లు గో-అరౌండ్ (మళ్లీ పైకి లేద్దాం) అన్నా కెప్టెన్ దింపారు. 158 మంది చనిపోయారు.

“అది సరే బాబూ, ఒక్క మాట చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?” అందావిడ. ముందు విమానం, తర్వాత దారి, ఆ తర్వాత టవర్, చివరికి ప్రయాణికులు అని వరుస చెప్పాను. “మేం చివరా?” అంది. అవునన్నాను.