సమవుజ్జీలు కాకపోతేనే కుదిరే వియ్యం

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ కావాలన్నది సామెత. ఆంప్లిఫయర్‌కూ హెడ్‌ఫోనుకూ జోడీ కుదిర్చేవాళ్లు మొదట చేసే పొరపాటు ఈ సామెతను నమ్మడమే. పెట్టె మీద 32 ఓంలని ఉంటే 32 ఓంల ఆంప్లిఫయర్ కోసం వెతుకుతారు. లేదంటే ఎంత బలమైనది కొంటే అంత మంచిదనుకుంటారు. నేను ఈ రెండో రకం. చెవిలో దూర్చుకునే చిన్న ఇయర్‌ఫోన్ల కోసం నా జేబు భరించగలిగినంతలో అతి బలమైన ఆంప్లిఫయర్ కొన్నాను. తీరా వింటే, పాటకూ పాటకూ మధ్య నిశ్శబ్దంలో సన్నగా పాము బుసలాంటి చప్పుడు. వాల్యూమ్ మీటను వెంట్రుకవాసి తిప్పితే చెవులు గింగురుమనేవి. తగ్గిస్తే కుడి చెవిలో పాట దాదాపు మాయమై ఎడమ చెవిలోనే మిగిలేది. ఆంప్లిఫయర్‌లో లోపమేమీ లేదు. నేను లెక్క వేయకుండా కొన్నాను, అంతే.

ఆ లెక్కకు కావలసిన సామగ్రి తక్కువ. మామూలు హెడ్‌ఫోను లోపల ఒక అయస్కాంతం, దాని సందులో సన్నని తీగచుట్ట, ఆ చుట్టకు అతికించిన పలుచని పొర ఉంటాయి. తీగలో కరెంటు పారితే చుట్ట కదులుతుంది, పొర గాలిని నెడుతుంది. కరెంటుకు ఆ చుట్ట ఎంత అడ్డుపడుతుందో చెప్పేదే ఇంపీడెన్స్. దాన్ని ఓంలలో కొలుస్తారు. మరింత సన్నని తీగను ఎక్కువ చుట్లు చుడితే ఓంలు పెరుగుతాయి. బేయర్‌డైనమిక్ డీటీ 880 అనే ఒకే మోడల్ 32, 250, 600 ఓంల రకాల్లో వచ్చింది. పైకి చూస్తే కవల పిల్లలే, తేడా అంతా లోపలి చుట్టలో ఉంది.

ఓంలు ఎక్కువైతే నడపడం కష్టమని అందరూ అంటారు. అది సగం నిజం. ఓంలు ఎక్కువున్న హెడ్‌ఫోను వోల్టేజీ ఎక్కువ అడుగుతుంది, కరెంటు తక్కువ తీసుకుంటుంది. ఓంలు తక్కువున్నది కొద్ది వోల్టేజీకే సరిపెట్టుకుంటుంది, కానీ కరెంటు గుంజుతుంది. పైగా ఓంలు చెప్పేది అడ్డు ఎంతనే. ఇచ్చిన విద్యుత్తులో ఎంత శబ్దంగా మారుతుందో చెప్పేది సెన్సిటివిటీ అనే ఇంకో అంకె. ఈ రెండూ చూడకుండా బేరానికి దిగకూడదు.

సెన్సిటివిటీ దగ్గర ఒక చిక్కుముడి ఉంది. శబ్ద తీవ్రతను డెసిబెల్స్‌లో కొలుస్తారు. కొందరు తయారీదారులు ఒక మిల్లీవాట్ ఇస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయో రాస్తారు, కొందరు ఒక వోల్ట్ ఇస్తే ఎన్ని వస్తాయో రాస్తారు. రెండు పెట్టెల మీదా 97 అనే ఉందనుకుందాం. ఒకటి 32 ఓంల హెడ్‌ఫోను, మిల్లీవాట్ లెక్కన 97. రెండోది 300 ఓంలది, వోల్ట్ లెక్కన 97. రెండూ సమానమనిపిస్తాయి. కానీ మొదటిదాన్ని కూడా వోల్ట్ లెక్కలోకి మార్చి చూస్తే 112 తేలుతుంది. ఒకే మీట ఒకే చోట ఉన్నా రెండింటి శబ్దానికీ 15 డెసిబెల్స్ తేడా! అంకె పక్కన సన్నని అక్షరాల్లో ఏ ప్రమాణం రాశారో చూడకుండా రెండు హెడ్‌ఫోన్లను పోల్చడం, కిలోలనూ లీటర్లనూ పక్కపక్కన పెట్టి ఏది పెద్దదని అడగడం లాంటిది.

ఇప్పుడు ముగ్గురిని బరిలోకి దించుదాం. పాట సగటున 80 డెసిబెల్స్ దగ్గర నడుస్తున్నా, డ్రమ్ము మీద దెబ్బ పడ్డ క్షణంలో శబ్దం 20, 30 డెసిబెల్స్ పైకి ఎగుస్తుంది. కాబట్టి ఆ క్షణానికి 110 డెసిబెల్స్ అందించగలగాలని పెట్టుకుందాం. సెన్‌హైజర్ హెచ్‌డీ 600 ఓంలు 300, సెన్సిటివిటీ వోల్ట్‌కు 97. దానికి సుమారు 4.5 వోల్టులు కావాలి, కరెంటు మాత్రం 15 మిల్లీఆంపియర్లు చాలు. హైఫైమ్యాన్ హెచ్‌ఈ-6 ఓంలు 50, సెన్సిటివిటీ మిల్లీవాట్‌కు 83.5. దానికి 4.7 వోల్టులు, కరెంటు దాదాపు 95 మిల్లీఆంపియర్లు కావాలి. వోల్టేజీ ఇంచుమించు అంతే, కరెంటు ఆరు రెట్లకు పైగా! 50 ఓంలే కదా, తేలిగ్గా నడుస్తుందిలే అనుకున్నవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఈ హెచ్‌ఈ-6ను స్పీకర్ల ఆంప్లిఫయర్‌కు తగిలించి విన్నవాళ్లూ ఉన్నారు. అది మరీ పిచ్చిపనేమీ కాదు. ఇక మూడోది నా ఇయర్‌ఫోన్ల లాంటిది: 16 ఓంలు, మిల్లీవాట్‌కు 110. దానికి కావలసింది వోల్ట్‌లో ఎనిమిదో వంతు.

మీట గడియారంలో ఏడు గంటల దగ్గర నుంచి కదలకుండా నేనెందుకు అవస్థ పడ్డానో ఇప్పుడు తెలిసిపోయి ఉంటుంది.

ఇక్కడ ఆంప్లిఫయర్లు అమ్మేవాళ్లకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. ఫోనుకు తగిలించే చిన్న అడాప్టర్లలో చాలావరకు ఒక వోల్ట్ దాకా ఇస్తాయి. హెచ్‌డీ 600 కి ఒక వోల్ట్ అందితే 97 డెసిబెల్స్. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకూ వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ గడువు సగమవుతుంది. అంటే 300 ఓంల హెడ్‌ఫోను ఫోనుతో పలకనే పలకదన్నది అతిశయోక్తి. నెమ్మదిగా వినేవారికి అది చాలు. బాగా తగ్గించి రికార్డు చేసిన శాస్త్రీయ సంగీతం దగ్గర మాత్రం చాలదు. పెద్ద ఆంప్లిఫయర్‌తో వచ్చే లాభాన్ని కూడా ఈ త్రాసులోనే తూచాలి. అర వాట్ ఇచ్చేదాని బదులు ఒక వాట్ ఇచ్చేది కొంటే శక్తి రెట్టింపవుతుంది, శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే. శబ్దం రెట్టింపయిందని చెవికి అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల శక్తి.

ఇక సామెత సంగతి. ఇంపీడెన్స్ సమానంగా ఉండాలన్న నమ్మకం గాలిలోంచి పుట్టలేదు. విద్యుత్తును ఇచ్చేదాని లోపలి నిరోధమూ పుచ్చుకునేదాని నిరోధమూ సమానమైనప్పుడు గరిష్ఠ శక్తి చేరుతుందని 19వ శతాబ్దంలోనే మోరిట్స్ యాకోబీ అనే ఇంజినీరు చెప్పాడు. నిజమే. కానీ అప్పుడు సగం శక్తి ఇచ్చేదాని లోపలే వేడిగా పోతుంది. ఈ సూత్రాన్ని తప్పుగా అర్థం చేసుకుని, బ్యాటరీతో నడిచే మోటారు సామర్థ్యం 50 శాతం దాటలేదని భౌతిక శాస్త్రవేత్త జూల్ అంతటివాడు కూడా భావించాడు. మనకు కావలసింది ఉన్న శక్తినంతా పిండుకోవడం కాదు, వోల్టేజీ చెక్కుచెదరకుండా హెడ్‌ఫోనుకు చేరడం.

చెక్కుచెదరడం ఎలాగంటే, ప్రతి ఆంప్లిఫయర్ ద్వారం దగ్గరా కొంత సొంత నిరోధం ఉంటుంది. దాన్ని అవుట్‌పుట్ ఇంపీడెన్స్ అంటారు. బయటికి వచ్చే వోల్టేజీలో దానికి కొంత వాటా, హెడ్‌ఫోనుకు కొంత వాటా. హెడ్‌ఫోను ఇంపీడెన్స్ అన్ని స్వరాల దగ్గరా ఒకేలా ఉంటే ఈ పంపకం వల్ల పెద్ద నష్టం లేదు, శబ్దం కాస్త తగ్గుతుంది, మీట కాస్త తిప్పుకుంటాం. కానీ అది ఒకేలా ఉండదు. పెట్టె మీద 300 అని రాసి ఉన్న హెచ్‌డీ 600, సెకనుకు 100 కంపనాల దగ్గర, అంటే మంద్రంలో, 500 ఓంలు దాటుతుంది. అక్కడ పొర తన సహజ కంపనంతో తేలిగ్గా ఊగుతుంది, ఊగుతూ తానే ఎదురు వోల్టేజీ పుట్టిస్తుంది. అది మనకు ఎక్కువ ఓంలుగా కనిపిస్తుంది.

ఈ హెడ్‌ఫోనును 120 ఓంల అవుట్‌పుట్ ఉన్న ఆంప్లిఫయర్‌కు తగిలిద్దాం. ఆ 120 నేను ఊహించిన అంకె కాదు, అంతర్జాతీయ విద్యుత్ ప్రమాణాల సంస్థ ఐఈసీ 1996లో తెచ్చిన 61938 ప్రమాణం సూచించిన విలువే. 300 ఓంలు ఉన్న చోట హెడ్‌ఫోను వాటా 71 శాతం. 550 ఓంలకు ఎగసిన చోట 82 శాతం. ఆ మంద్ర స్వరాలు మిగతావాటికన్నా 1.2 డెసిబెల్స్ ఎక్కువ పలుకుతాయి. చిన్న తేడానే, కొందరికి హాయిగానూ ఉంటుంది. అవుట్‌పుట్ ఇంపీడెన్స్ ఎక్కువగా ఉండే, ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వ్ (గాజు గొట్టాల) ఆంప్లిఫయర్లతో 300 ఓంల హెడ్‌ఫోన్లు వినేవారు మెచ్చుకునే తియ్యదనంలో కొంత వాటా ఈ పంపకానిదేనని నా అనుమానం.

ఇయర్‌ఫోన్ల దగ్గరకు వస్తే మాత్రం వ్యవహారం ముదురుతుంది. లోపల రెండు మూడు బుల్లి స్పీకర్లు కూర్చిన ఇయర్‌ఫోన్ల ఇంపీడెన్స్ ఒక స్వరం దగ్గర 8 ఓంలు, ఇంకో స్వరం దగ్గర 40 ఉండటం వింతేమీ కాదు. దానికి 10 ఓంల అవుట్‌పుట్ తగిలిస్తే ఒకచోట 44 శాతం, ఇంకోచోట 80 శాతం. తేడా 5 డెసిబెల్స్. ఇక అది తయారుచేసినవారు వినిపించాలనుకున్న శబ్దం కాదు. అందుకే హెడ్‌ఫోను కనిష్ఠ ఇంపీడెన్స్‌లో ఎనిమిదో వంతుకు మించి ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ ఉండకూడదని ఒక వాడుక లెక్క. ఎనిమిదో వంతే ఎందుకంటే, అప్పుడు హెడ్‌ఫోను ఓంలు ఎంత ఎగసినా తేడా ఒక డెసిబెల్ దగ్గరే ఆగుతుంది. సమవుజ్జీ మాట అటుంచితే, పిల్ల వైపు ఎనిమిది ఉంటే పిల్లాడి వైపు ఒకటి ఉన్నా ఎక్కువే!

విచిత్రమేమిటంటే, చాలా ఆంప్లిఫయర్ల పెట్టెల మీద వాట్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, ఈ అంకె మాత్రం కనబడదు. ఇంట్లో కొలుచుకోవచ్చు. మల్టీమీటర్ ఒకటి, 33 ఓంల రెసిస్టర్ ఒకటి చాలు. సెకనుకు 100 కంపనాల స్వరాన్ని ఆపకుండా పెట్టి, మీటర్‌ను ఏసీ వోల్టులకు తిప్పి, హెడ్‌ఫోను తగిలించకుండా అవుట్‌పుట్ దగ్గర చూడండి. వాల్యూమ్‌ను 0.500 వోల్ట్ దగ్గర నిలపండి. ఇప్పుడు రెసిస్టర్‌ను అడ్డంగా కలపండి. అంకె పడిపోతుంది. 0.384 దగ్గర ఆగిందనుకుందాం. 0.500ను 0.384తో భాగించి, ఒకటి తీసేసి, 33తో గుణిస్తే 10 వస్తుంది. మీ ఆంప్లిఫయర్ అవుట్‌పుట్ 10 ఓంలు. అంకె 0.490 దగ్గరే ఆగితే అది ఒక ఓం కన్నా తక్కువ, ఇక నిశ్చింతగా ఉండవచ్చు.

ఈ గొడవ పెద్దగా పట్టని హెడ్‌ఫోన్లూ ఉన్నాయి. ప్లేనార్ రకంలో తీగను పొర మీదే పరుస్తారు, వాటి ఇంపీడెన్స్ దాదాపు గీత గీసినట్టు ఉంటుంది. వాటికి ఓర్పు ఎక్కువ, కరెంటు ఆకలీ ఎక్కువే. ఎలక్ట్రోస్టాటిక్ రకానిది వేరే లోకం. స్టాక్స్ సంస్థ 1960లో తెచ్చిన ఎస్‌ఆర్-1తో మొదలైన ఈ వంశంలో తీగచుట్టే ఉండదు. నేటి స్టాక్స్ హెడ్‌ఫోన్ల పొరకు 580 వోల్టులు పట్టి ఉంచాలి. మామూలు ఆంప్లిఫయర్ వాటి ముందు నిలవలేదు.

ఇక నన్ను ఏడిపించిన బుస. ఏ ఆంప్లిఫయర్ అయినా పాట లేనప్పుడు కూడా కొద్దిపాటి వోల్టేజీని రొదగా వదులుతూనే ఉంటుంది. అది 10 మైక్రోవోల్టులు అనుకుందాం. హెచ్‌డీ 600 దగ్గర అది సున్నా డెసిబెల్స్ కన్నా కిందికి పోతుంది, మనిషి చెవికి అందదు. నా ఇయర్‌ఫోన్ల దగ్గర అదే రొద 28 డెసిబెల్స్. రాత్రి నిశ్శబ్దమైన గదిలో స్పష్టంగా వినిపిస్తుంది. ఎడమ కుడి తేడాకు కారణం వాల్యూమ్ మీటలోనే ఉంది. అందులోని రెండు పట్టాలూ మొదట్లో సరిగ్గా కలిసి నడవవు, మీట కొంత తిరిగాకగాని జత కుదరదు. కొన్ని ఆంప్లిఫయర్లకు గెయిన్‌ను, అంటే వచ్చిన వోల్టేజీని ఎన్ని రెట్లు పెంచాలో ఆ లెక్కను, తగ్గించే స్విచ్ ఉండేది ఇందుకే. నాదానికి లేదు.

రెండు ఆంప్లిఫయర్లను పక్కపక్కన పెట్టి వింటూ ఏది మేలో తేల్చుకునేటప్పుడు ముందు మీటర్‌తో రెండింటి వోల్టేజీనీ సమం చేయండి. కాస్త గట్టిగా పలికేదే మంచిదని చెవి తీర్పు చెబుతుంది, ఒక డెసిబెల్ తేడా ఉన్నా చాలు. నేను ఆలస్యంగా ఆ పని చేశాను. ఇయర్‌ఫోన్లు ఇప్పుడు బొటనవేలంత అడాప్టర్‌తో, బుస లేకుండా, రెండు చెవుల్లో సమానంగా పలుకుతున్నాయి. పెద్ద ఆంప్లిఫయర్‌కు ఒక పాత 300 ఓంల హెడ్‌ఫోను దొరికింది. దాని మీట ఇన్నాళ్లకు పన్నెండు గంటల దగ్గరకు వచ్చింది.