గోడ పడింది, మనిషి నిలిచాడు

చిరంజీవులైన పిల్లలకు తాతయ్య ఆశీస్సులు.

మొన్న మా మనవరాలు ‘స్టీమ్‌బోట్ బిల్, జూనియర్’ అనే 1928 నాటి అమెరికన్ మూకీ హాస్యచిత్రం చూస్తూ, “అంత గోడ మీద పడినా ఆయనకు దెబ్బ ఎందుకు తగల్లేదు తాతయ్యా?” అని అడిగింది. అందులో పెనుగాలికి ఒక ఇంటి ముందుగోడ మొత్తం ఊడి, కింద నిలబడిన కథానాయకుడు, హాస్యనటుడు బస్టర్ కీటన్ మీదికి ఒరుగుతుంది. తెరిచి ఉన్న మేడకిటికీ సరిగ్గా ఆయన చుట్టూ దిగుతుంది.

తిరునాళ్ళలో రింగులాట చూశారు కదా! నా చిన్నతనంలో ఒక సబ్బుబిళ్ళ కోసం అమ్మ ఇచ్చిన చిల్లర అంతా ఆ ఆటకే పోశాను. రింగుకూ సబ్బుకూ మధ్య వేలు దూరేంత సందు కూడా లేనందువల్ల, ప్రతిసారీ రింగు సబ్బు మూలకు తగిలి పక్కకు దొర్లిపోయేది. కీటన్‌కూ కిటికీ అంచులకూ మధ్య ఉన్నది కొద్ది అంగుళాలే. ఆ రింగు బరువు మాత్రం దాదాపు రెండు టన్నులు, పైగా ఈ సబ్బుకు ప్రాణం ఉంది, అయినా అది కదలకూడదు. అంత నిశ్చలంగా నిలబడడానికి ధైర్యం ఒక్కటే చాలదు పిల్లలూ, ముందు కొలత సరిగ్గా ఉండాలి.

ఆ ఒడుపు ఆయనకు నాటకాల వేదిక నుంచి వచ్చింది. 1895లో సంచార ప్రదర్శకుల ఇంట పుట్టిన కీటన్‌ను, వాడ్‌విల్ అనే వినోద ప్రదర్శనల్లో తండ్రి ఎత్తి విసిరేవాడు. దెబ్బ తగలకుండా పడడం ఆ పసివాడు అక్కడే నేర్చుకున్నాడు. 1919లో వచ్చిన ‘బ్యాక్ స్టేజ్’ అనే సినిమాలో ఇదే తమాషా రంగస్థలం మీది ఇంటి అట్టతో, రాస్కో ఆర్బకుల్ అనే హాస్యనటుడి మీద జరిగింది. ‘స్టీమ్‌బోట్ బిల్’ అన్న పేరు కూడా జనం నోట ఉన్న పాటదే: మిసిసిపీ నది మీద పందెం వేగంతో ఆవిరిపడవ నడిపి, చివరకు బాయిలర్ పేల్చుకున్న కెప్టెన్ గురించిన ఆ పాట 1911లోనే రికార్డుగా వచ్చింది. 1928 నవంబరులో వచ్చిన కార్టూన్ సినిమాలో మిక్కీ మౌస్ పడవ నడుపుతూ ఈల వేసిన రాగం కూడా అదే!

ఇప్పుడు ఒక అట్టలో కిటికీ కోసి నిలబెట్టండి. కిటికీ నేలకు ఎంత ఎత్తున ఉందో, అట్ట అడుగు నుంచి అంతే దూరంలో ఒక పొట్టిబొమ్మను నిలిపి, అడుగు జారకుండా పట్టుకుని అట్టను వదలండి. తరువాత బొమ్మను కాస్త పొడుగుదిగా మార్చి చూడండి. ఏది ఎక్కడ తగిలిందో నాకు రాయండి.

మీ తాతయ్య