సీసం లేని తూటాతో దూరపు వేట: అపోహలు – వాస్తవాలు

కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి తుపాకీతో ఏ అడవి జంతువును వేటాడినా సీసం లేని తూటాయే వాడాలి. ఆ చట్టం మీద గవర్నర్ జెర్రీ బ్రౌన్ సంతకం పెట్టింది 2013లో. అలవాటు పడమని ఆరేళ్లు గడువిచ్చారు. అయినా షాపు కౌంటర్ దగ్గర వినపడే మాటలు అప్పుడెలా ఉన్నాయో ఇప్పుడూ అలాగే ఉన్నాయి. నేను ఇక్కడ హంటర్ ఎడ్యుకేషన్ తరగతుల్లో వాలంటీరుగా పాఠాలు చెబుతుంటాను. ఈమధ్య మన తెలుగువాళ్లు కూడా బాగానే వస్తున్నారు. రైఫిల్ కొనకముందే వెయ్యి గజాల దూరం కొట్టే వీడియోలన్నీ చూసేసి వస్తారు, ఆ తర్వాత ప్రశ్నల వాన. ఎక్కువగా అడిగేవి ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. ఇదంతా అమెరికాలో లైసెన్సు, ట్యాగు (ఒక్కో జంతువుకు ఇచ్చే అనుమతి చీటీ) తీసుకుని, సీజన్‌లో వేటకు వెళ్లేవాళ్ల కోసం. ఇక్కడ తూటా అంటే పెట్టెలో వచ్చే మొత్తం రౌండు, బుల్లెట్ అంటే బ్యారెల్ లోంచి బయటికి వెళ్లే ముక్క. సీసం లేని తూటా అంటే ఇక్కడ రాగి బుల్లెట్ ఉన్న తూటా.

అపోహ: రాగి బుల్లెట్ విచ్చుకోదు, సూదిలా దూసుకుపోతుంది

ఇది సగం నిజం. అందుకే ఇన్నేళ్లయినా చావలేదు.

సీసం మెత్తన. పైన రాగి తొడుగున్నా, లోపలి సీసం వేగం బాగా తగ్గాక కూడా చితికి వెడల్పవుతుంది. రాగి గట్టిది. అందుకని రాగి బుల్లెట్ ముక్కులో బొరియ పెట్టి, చుట్టూ లోపలే గాట్లు పెడతారు. జంతువు ఒంట్లో దిగగానే ఆ బొరియలోకి తడి కణజాలం ఒత్తిడితో చొరబడి, ముక్కును నాలుగైదు రేకులుగా విప్పుతుంది. దూరానికి చేసిన వాటిలో ఆ బొరియకు ప్లాస్టిక్ మొన పెడతారు. అది గాలిని చీలుస్తుంది, తగిలినప్పుడు వెనక్కి నెట్టుకుని విప్పడానికి సాయపడుతుంది. ఇదంతా జరగాలంటే వేగం కావాలి. చాలా రాగి బుల్లెట్లకు సెకనుకు 1,800 అడుగులు కనీసం ఉండాలి. దూరానికని ప్రత్యేకంగా చేసిన కొన్ని 1,600 దగ్గరా తెరుచుకుంటాయి. కొన్నింటికి 2,000 కావాలి. కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ అంకె ఉంటుంది. లేకపోతే ఫోన్ చేసి అడగండి, చెబుతారు.

నా లెక్కలో రాగి తూటా ఎంచుకోవడం మొదలయ్యేదే ఈ అంకె దగ్గర. పెట్టె మీద బొమ్మ దగ్గరా కాదు, బుల్లెట్ బరువు (దాన్ని గ్రెయిన్లలో కొలుస్తారు) దగ్గరా కాదు.

ఒక లెక్క వేసి చూద్దాం. 308 విన్‌చెస్టర్ అనే సైజు తూటాలో బార్న్స్ కంపెనీ వోర్-టీఎక్స్, 168 గ్రెయిన్ల టీటీఎస్‌ఎక్స్ బుల్లెట్. బ్యారెల్ నోటి దగ్గర వేగం 2,680 అడుగులని పెట్టె మీద ఉంటుంది. సముద్ర మట్టం గాలిలో అది 300 గజాల దగ్గర 2,100కు, 400 గజాల దగ్గర 1,930కు, 500 దగ్గర 1,765కు అటూ ఇటూగా దిగుతుంది. అంటే 1,800 గీత దాటేది సుమారు 475 గజాల దగ్గర. బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఆ 2,680 అనేది 24 అంగుళాల టెస్ట్ బ్యారెల్‌తో తీసిన అంకె. మీ చేతిలో ఉన్నది 20 అంగుళాల బ్యారెల్ అయితే అంగుళానికి ఇరవై, పాతిక అడుగుల చొప్పున మొదట్లోనే 90 దాకా పోతుంది. అప్పుడు 1,800 గీత 430 దగ్గరికి వచ్చేస్తుంది. పైగా 1,800 అంటే రేకులు విచ్చుకోవడం మొదలయ్యే వేగం, పూర్తిగా విచ్చుకునే వేగం కాదు. అందుకే నేను 2,000 దగ్గరే గీత గీస్తాను. ఆ పొట్టి బ్యారెల్ రైఫిల్‌కు అది 315 గజాలు.

నిరుత్సాహపడకండి. ఎత్తైన చోట గాలి పల్చన కాబట్టి వేగం నెమ్మదిగా తగ్గుతుంది. ఏడెనిమిది వేల అడుగుల ఎత్తున వేటాడేవాళ్లకు కొన్ని పదుల గజాలు కలిసొస్తాయి. తూటా మార్చినా కలిసొస్తుంది. 6.5 క్రీడ్‌మూర్ అనే సైజులో అదే కంపెనీ 127 గ్రెయిన్ల ఎల్‌ఆర్‌ఎక్స్ 2,825 అడుగులతో మొదలవుతుంది, 2,000 గీత 430 గజాల దాకా జరుగుతుంది. వంద డాలర్లో రెండొందలో పెట్టి బుల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఒకటి కొనుక్కోండి, లేదా రేంజ్‌లో ఎవరినైనా అడిగి తీసుకోండి. మీ బ్యారెల్ లోంచి వచ్చే అసలు వేగం తెలియకుండా దూరపు వేట గురించి మాట్లాడటం దండగ.

అపోహ: దూరం కొట్టాలంటే బరువైన బుల్లెట్టే కావాలి

సీసంతో ఇది చాలావరకు నిజం. రాగితో తిరగబడుతుంది. ఘన సెంటీమీటరుకు సీసం 11.34 గ్రాములు, రాగి 8.96. అదే బరువు రావాలంటే రాగి బుల్లెట్ పొడుగు కావాలి. పొడుగైన బుల్లెట్ నిలకడగా తిరగాలంటే బ్యారెల్ లోపలి మెలిక బిగుతుగా ఉండాలి. దీన్నే ట్విస్ట్ అంటారు. తూటా మొత్తం పొడుగుకు హద్దుంది కాబట్టి, పొడుగైన బుల్లెట్ లోపలికి దిగి మందు చోటును కూడా తినేస్తుంది.

అందుకే సీసంలో 180 గ్రెయిన్లు వాడినవాళ్లు రాగిలో 150కో, 165కో దిగాలి. తేలికైతే దెబ్బ తగ్గుతుందని భయం అక్కర్లేదు. మామూలు సీసపు బుల్లెట్ జంతువు లోపల మూడో వంతు బరువు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోగొట్టుకుంటుంది. రాగిది నూటికి తొంభై ఐదు పాళ్లు మిగిలే ఉంటుంది. అవతలి పక్కకు చేరేసరికి రెండింటి బరువులో పెద్ద తేడా ఉండదు. మొదట్లో దొరికిన అదనపు వేగం మాత్రం రాగికి లాభం.

తాతల నాటి రైఫిల్ ఎవరైనా ఇస్తే బ్యారెల్ మీద అంకె చూడండి. పాత 308లు కొన్ని 12 అంగుళాలకు ఒక చుట్టు తిరిగేవి. ఇప్పటివి 10కి తిరుగుతాయి. పాత దానిలో పొడుగు రాగి బుల్లెట్ పెడితే టార్గెట్ కాగితం మీద గుండ్రటి చిల్లి బదులు పక్కవాటు చిల్లి పడొచ్చు. అలా పడితే తుపాకీలో లోపం వెతక్కండి, తేలిక బుల్లెట్‌కు మారండి.

అపోహ: పెట్టె మీద రాగి రంగు, మొన మీద రంగు ప్లాస్టిక్ ఉంటే సీసం లేనట్టే

షాపులో ఎక్కువమంది తడబడేది ఇక్కడే. బార్న్స్ టీటీఎస్‌ఎక్స్ మొన నీలం, లోపల అంతా రాగి. ఫెడరల్ టెర్మినల్ అసెంట్ మొన కూడా నీలమే, అందులో సీసం ఉంది. హార్నడీ సీఎక్స్ మొన ఎరుపు, సీసం లేదు. అదే హార్నడీ ఈఎల్‌డీ-ఎక్స్ మొనా ఎరుపే, లోపల సీసమే. ఫెడరల్‌లోనే ట్రోఫీ కాపర్ అంటే రాగి, ట్రోఫీ బాండెడ్ టిప్ అంటే సీసం. షెల్ఫులో పక్కపక్కనే పెడతారు, పెట్టెలు కూడా అన్నదమ్ముల్లా ఉంటాయి.

కాపర్ జాకెట్, కాపర్ ప్లేటెడ్ అని ఉంటే పైపూత మాత్రమే. ఫుల్ మెటల్ జాకెట్ అనగానే లోహమంతా ఒకటే అనుకుంటారు, లోపల ఉండేది సీసమే. పైగా కాలిఫోర్నియాలో జింక, పంది, ఎలుగు లాంటి పెద్ద జంతువులకు విచ్చుకునే బుల్లెట్ తప్పనిసరి కాబట్టి అది రెండు విధాలా కుదరదు. లెడ్-ఫ్రీ ప్రైమర్ (తూటా అడుగున మందును అంటించే బిళ్ల) అని రాసి ఉన్నా బుల్లెట్ సంగతి వేరే చూసుకోవాలి. అనుమానం ఉంటే రాష్ట్ర వన్యప్రాణి శాఖ వాళ్ల ఆమోదిత జాబితా ఫోన్‌లో తెరిచి, పెట్టె మీద పేరుతో పోల్చి చూడండి. పెట్టె అడవికి కూడా తీసుకెళ్లండి. వార్డెన్ (వన్యప్రాణి శాఖ అధికారి) అడిగితే నాలుగు మాటలు చెప్పే పని తప్పుతుంది.

అపోహ: రాగి బ్యారెల్‌ను పాడుచేస్తుంది, గురి కుదరదు

ఇది 1990ల మాట. ర్యాండీ బ్రూక్స్ రూపొందించిన బార్న్స్ ఎక్స్ బుల్లెట్ 1989లో మార్కెట్‌లోకి వచ్చింది. ఒళ్లంతా నున్నటి రాగి. బ్యారెల్ గోడలకు బాగా రాసుకునేది, రాగి పొర పేరుకునేది, కొన్ని రైఫిళ్లలో గురి చెదిరేది. ఆ ఫిర్యాదులు నిజమే. 2003లో టీఎస్‌ఎక్స్ వచ్చినప్పుడు ఒంటి చుట్టూ గాడులు తీశారు. రాపిడి, ఒత్తిడి తగ్గాయి. తర్వాత మిగతా కంపెనీలు దాదాపు అన్నీ అదే దారి పట్టాయి. 

చేయాల్సిన పని ఒకటుంది. సీసపు బుల్లెట్ల తొడుగు తాలూకు పాత పొర బ్యారెల్‌లో ఉండగానే రాగి తూటాలు వేసి, గుంపు (కాగితం మీద చిల్లులు దగ్గరగా పడే తీరు) చెదిరిందని పెట్టె పక్కన పడేస్తారు. ముందు రాగి పొరను కరిగించే ద్రావకంతో తెల్ల గుడ్డ మీద నీలి మరక రానంతవరకు శుభ్రం చేయండి. తర్వాత ఐదారు తూటాలు వదిలి, ఆ తర్వాతే గుంపు చూడండి. ఒక్కో బ్యారెల్‌కు ఒక్కో తూటా నచ్చుతుంది. రెండు మూడు రకాలు, ఒక్కో పెట్టె చొప్పున కొని చూడటం తప్పదు. 20 తూటాల పెట్టె నలభై నుంచి డెబ్బై డాలర్ల దాకా ఉంటుంది కాబట్టి చేదుగానే ఉంటుంది. టార్గెట్ ప్రాక్టీసుకు ఈ చట్టం వర్తించదు, అక్కడ చవక తూటాలు వాడుకోవచ్చు. వేటకు స్కోప్ గురి సరిచేసేది (జీరో) మాత్రం వేటలో వాడే పెట్టెతోనే.

అపోహ: స్కోప్‌లో డయల్ తిప్పితే ఏడొందల గజాలైనా ఒకటే

కాగితానికి ఒకటే. 168 గ్రెయిన్ల బుల్లెట్ 500 గజాలు చేరడానికి ముప్పావు సెకనుకు కాస్త తక్కువ పడుతుంది. ఆ లోపు జింక ఒక అడుగు వేస్తే గుండె మీద పెట్టిన గురి పొట్టలో పడుతుంది. గంటకు పది మైళ్ల అడ్డగాలి అదే దూరంలో బుల్లెట్‌ను ఇరవై అంగుళాలకు పైగా పక్కకు నెడుతుంది. ఇవి సీసానికీ ఉన్న కష్టాలే. రాగితో వేగం గీత కూడా తోడవుతుంది. కాలిఫోర్నియా ఈశాన్య మూల ఎక్స్ జోన్లు అనే వేట ప్రాంతాల్లో, సేజ్ పొదల మైదానాల్లో మ్యూల్ డీర్ అనే జింకలు చాలా దూరం నుంచి కనిపిస్తాయి, మనసు లాగుతుంది. అక్కడ వేటంటే మిగతా రెండొందల గజాలు నడిచి దగ్గరికి వెళ్లడం.

గురి పెట్టే చోటు కూడా కాస్త మారుతుంది. ముక్కలయ్యే సీసపు బుల్లెట్‌ను భుజం వెనక ఊపిరితిత్తుల్లోకి పంపితే సరిపోయేది. రాగి ముక్కలవదు, తిన్నగా తొలుచుకుంటూ పోతుంది. దూరం పెరిగి వేగం తగ్గినప్పుడు భుజం ఎముక మీదికి గురి జరిపితే జంతువు నిలబడ్డ చోటే కూలుతుంది. కొంచెం మాంసం పోతుంది, రాత్రంతా టార్చి పట్టుకుని వెతుక్కోవడం కంటే నయం.

అపోహ: ఇదంతా కండోర్ పక్షి కోసం, మన మాంసానికి సంబంధం లేదు

కండోర్ అంటే ఇక్కడి పెద్ద రాబందు. దాని కథ చిన్నది కాదు. 1982 నాటికి ప్రపంచం మొత్తం మీద 22 మిగిలాయి. 1987లో అడవిలో ఉన్న చివరి పక్షినీ పట్టి పెంపకంలో పెట్టారు, 1992 నుంచి మళ్లీ వదులుతున్నారు. మనం జింకను కోసి అక్కడే వదిలేసే పేగుల కుప్పలో సీసం ముక్కలుంటే అవి తిని చస్తాయి. వదిలిన పక్షుల చావులకు అతి పెద్ద కారణం ఈ సీసమే. మన దగ్గర రాబందులను పశువుల మందు డైక్లోఫెనాక్ తుడిచిపెట్టింది, ఇక్కడ ఈ పని సీసం చేస్తోంది. ఆరిజోనాలో చట్టమేమీ లేదు. కైబాబ్ పీఠభూమి వేటగాళ్లకు రాష్ట్రమే సీసం లేని తూటాలు ఉచితంగా ఇచ్చి అడిగింది, ఎక్కువమంది ఒప్పుకున్నారు. నాకైతే ఆ పద్ధతే బాగుందనిపిస్తుంది.

ఇక మన వంటింటి సంగతి. 2009లో వెలువడిన ఒక అధ్యయనం కోసం, వేట పక్షులను కాపాడే పెరెగ్రీన్ ఫండ్ సంస్థ శాస్త్రవేత్తలు సీసపు బుల్లెట్లతో కొట్టిన 30 జింకలకు ఎక్స్‌రే తీశారు. ప్రతిదానిలోనూ లోహపు ముక్కలు కనిపించాయి, కొన్నింటిలో వందల్లో. కసాయి దగ్గర కొట్టించిన మాంసం పొట్లాలు చూస్తే 30లో 24 జింకల కీమాలో ముక్కలు దొరికాయి. గాయం చుట్టూ బాగా కోసి పారేశాం కదా అంటారు. ఇసుక రేణువంత ముక్కలు గాయానికి జానెడు దూరం దాకా వెళ్తాయి, పంటికి తగలవు. జింక మాంసం తెచ్చి కీమా కొట్టించి డీప్ ఫ్రీజర్ నింపేవాళ్లం మనమే. పిల్లల ఒంట్లో ఇంత సీసం ఉన్నా ఫరవాలేదనే హద్దు లేదని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీయే చెబుతోంది. చట్టం లేని టెక్సాస్‌లో ఉన్నా ఈ ఒక్క కారణానికి నేను రాగే వాడతాను.

అపోహ: హెచ్-1బి మీద ఉన్నవాళ్లు తూటా ముట్టుకోకూడదు

మామూలుగా ఫెడరల్ చట్టం వలసేతర వీసా వాళ్లకు తుపాకీ, తూటాలు రెండూ నిషేధించింది. కానీ ఏ రాష్ట్రమైనా ఇచ్చిన చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు ఉంటే ఆ నిషేధం నుంచి మినహాయింపు ఉంది. లైసెన్సు గడువు తీరిన మర్నాడు ఇంట్లో ఉన్న పెట్టె కూడా సమస్యే, కాబట్టి రెన్యువల్ తేదీ మర్చిపోకండి. రాష్ట్రాల నిబంధనలు దీనిపైన వేరుగా ఉంటాయి. వీసా విషయం కాబట్టి ఒకసారి లాయరును అడగటం మంచిది.

అపోహ: బ్యాగులో ఒక్క తూటా పొరపాటున ఉండిపోతే ఏమవుతుంది

రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాక్‌ప్యాక్‌నే సెలవులకు ఇండియాకు సర్దేస్తారు. పక్క జేబులో ఒక్క తూటా దొరికినా శంషాబాద్‌లోనో, ఢిల్లీలోనో ఆయుధాల చట్టం కింద కేసు పెట్టొచ్చు. వాడేసిన ఖాళీ తొడుగు దొరికినా గంటల తరబడి సమాధానాలు చెప్పుకోవాలి. నాన్నగారికి చూపిద్దామని రాగి రేకులు విచ్చుకున్న బుల్లెట్‌ను తీసుకెళ్తానన్నవాళ్లూ ఉన్నారు. ఫొటో పంపండి. రేంజ్ బ్యాగు వేరు, ప్రయాణం బ్యాగు వేరు పెట్టుకోండి.