అంకెగా పుట్టిన ల్యాబ్ ఫలితం పీడీఎఫ్‌గా ఎందుకు మిగిలిపోయింది

హిందూపురంలోనో కదిరిలోనో రక్తపరీక్ష చేయించుకుని, రిపోర్టు ఫోన్‌లో పెట్టుకుని బెంగళూరు ఆసుపత్రులకు వచ్చే తెలుగువాళ్లు ఎందరో. ఆ పీడీఎఫ్‌ని డాక్టరు చదువుకుంటారు గానీ ఆసుపత్రి సాఫ్ట్‌వేర్‌కు అదొక బొమ్మ. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ విషయంలో ఆర్నెల్ల క్రితపు అంకెనీ ఇవాల్టిదాన్నీ పక్కపక్కన పెట్టి చూపించలేదు. ఎవరో ఒకరు చేత్తో ఎక్కించాలి, లేదంటే పరీక్ష మళ్లీ చేయించాలి.

నిజానికి ఆ ఫలితం పుట్టుకతోనే డేటా. ఎనలైజర్ (రక్తాన్ని పరీక్షించే యంత్రం) నుంచి ల్యాబ్ కంప్యూటరుకు ఫలితం ఎలా వెళ్లాలో ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం 1991లోనే చెప్పింది. ఆసుపత్రి సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి అమెరికాలో 1987లో హెచ్‌ఎల్7 సంస్థ మొదలైంది. అది రూపొందించిన ప్రమాణం రెండో వెర్షన్‌లో ఒక్కో ఫలితానికి ‘ఓబీఎక్స్’ అనే ఒక వరుస ఉంటుంది: 3వ గడిలో పరీక్ష కోడు, 5లో విలువ, 6లో యూనిట్, 7లో సాధారణ పరిధి, 11లో అది తుది ఫలితమా, సవరించినదా అన్న గుర్తు. పద్ధతి బాగానే నిలిచింది. కానీ ఎవరి కోడ్లు వాళ్లు పెట్టుకోవడంతో ఇద్దరిని కలిపిన ప్రతిసారీ పని మొదటికొచ్చేది. మూడో వెర్షన్ బరువైపోయింది. 2011లో ఆస్ట్రేలియాకు చెందిన గ్రాహం గ్రీవ్ ప్రతిపాదించిన తేలికైన పద్ధతే నేటి హెచ్‌ఎల్7 ప్రమాణం ‘ఫైర్’ (FHIR).

మన చిన్న ల్యాబులకు ఇదేదీ అవసరపడలేదు. రిపోర్టు చదివేది మనిషే కాబట్టి ప్రింటు తీస్తే సరిపోయేది. కేంద్రం 2013లో ఆరోగ్య రికార్డుల ప్రమాణాలు ప్రకటించి 2016లో సవరించింది. 2020 ఆగస్టు 15న 6 కేంద్రపాలిత ప్రాంతాల్లో ప్రయోగాత్మకంగా మొదలైన డిజిటల్ హెల్త్ మిషన్, 2021 సెప్టెంబరు 27న ఆయుష్మాన్ భారత్ పేరుతో దేశమంతటికీ వచ్చింది. రికార్డులు ఫైర్ నాలుగో విడుదల ఆర్4లో ఉండాలన్నది దాని నియమం. ఆ రికార్డుల నమూనాలు పుణెలోని ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్‌లో ఉన్న జాతీయ కేంద్రం తయారుచేస్తుంది.

అయితే స్కాన్ చేసిన పాత కాగితాల కోసం అందులో ఒక దారి ఉంచారు: పీడీఎఫ్‌ని బేస్64గా (ఫైలును అక్షరాల వరుసగా రాసే పద్ధతి) మార్చి, బండిల్‌లో (రికార్డులన్నీ కలిపి పంపే మూట) పెట్టి పంపవచ్చు. పాత కాగితాలకు అది న్యాయమే. ఈ రోజు యంత్రంలోంచి వచ్చిన ఫలితాన్నీ అలాగే పంపితే, రికార్డు నియమాల ప్రకారం ఉందా అని చూసే వ్యాలిడేటర్ ప్రోగ్రాం ఒప్పుకుంటుంది, అవతలి డాక్టరుకు మాత్రం మళ్లీ బొమ్మే అందుతుంది. దాన్ని మార్పిడి అనలేం.

అసలు మార్పిడిలో ప్రతి పరీక్షా ఫైర్‌లో విడిగా ఒక ‘అబ్జర్వేషన్’ రికార్డు కావాలి, దానికి లోయింక్ (పరీక్షలకు అంతర్జాతీయంగా వాడే కోడ్ల పట్టిక) కోడు ఉండాలి: హీమోగ్లోబిన్‌కు 718-7, పరగడుపు షుగరుకు 1558-6. రిపోర్టులో ఉత్త ‘షుగర్’ అని ఉంటే ఏ కోడు ఇవ్వాలో ల్యాబ్‌నే అడగాలి, ఊహించకూడదు.

ఎక్కువ ప్రమాదం యూనిట్లలో ఉంది. మన రిపోర్టుల్లో ప్లేట్‌లెట్లు లక్షల్లో ఉంటాయి. ఘన మిల్లీమీటరుకు 2.1 లక్షలంటే మైక్రోలీటరుకు 210 వేలు. 100తో గుణించకుండా 2.1ని వేల గడిలో పెడితే, ఆరోగ్యంగా ఉన్న మనిషి ప్రాణాపాయంలో ఉన్నట్టు కనిపిస్తాడు. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ ‘0.01 కన్నా తక్కువ’ అని వచ్చినప్పుడు ఆ ‘తక్కువ’ గుర్తును దానికోసమే ఉన్న కంపేరేటర్ గడిలో పెట్టాలి. చాలా ప్రోగ్రాములు దాన్ని రాల్చేసి అంకె ఒక్కటే ఉంచుతాయి. సమయం పక్కన భారత కాలమానం గుర్తు +05:30 లేకపోయినా చిక్కే. ఉదయం 7 గంటల నమూనాను అంతర్జాతీయ సమయంగా తీసుకుంటే అది మధ్యాహ్నం 12:30గా మారుతుంది. పరగడుపున ఇచ్చిన రక్తం భోజనం వేళది అయిపోతుంది.

ఫలితాలను పీడీఎఫ్ నుంచి ఓసీఆర్‌తో (బొమ్మలోని అక్షరాలను చదివే సాఫ్ట్‌వేర్) లాగితే ఈ తప్పులు ఇంకా పెరుగుతాయి, దశాంశ బిందువే మాయమవుతుంది. ల్యాబ్ సాఫ్ట్‌వేర్ డేటాబేసులో విలువ, యూనిట్, పరిధి ఇప్పటికే విడివిడిగా ఉంటాయి. అక్కడి నుంచే తీయాలి. సవరించిన రిపోర్టును కొత్త నంబరుతో పంపకూడదు. పాత గుర్తింపు సంఖ్యనే ఉంచి, స్థితిని ‘సవరించినది’గా మార్చాలి. లేకపోతే తప్పు ఫలితం, సరైన ఫలితం రెండూ రోగి ఖాతాలో పక్కపక్కనే ఉండిపోతాయి.