కాటు దాకా పోని వేట

చంద్రగిరి, పాకాల వైపు గొర్రెల మంద వెంట నడిచే నాటు కుక్కది కాపలా పని. నక్క వాసన తగిలితే మొరుగుతుంది. మందను ఎటు తిప్పాలో కాపరే చూసుకుంటాడు. బోర్డర్ కోలీది వేరే పని, అది మందను తోలుతుంది. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దు కొండల జాతి ఇది. 1893లో నార్తంబర్లాండ్‌లో పుట్టిన ఓల్డ్ హెంప్ అనే మగకుక్క రక్తమే నేటి బోర్డర్ కోలీలు దాదాపు అన్నింటిలోనూ ఉంది.

తోడేలు వేటకు ఒక వరుస ఉంది: చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, కరవడం, చంపడం. కాపర్లు తరతరాలుగా ఏరి కట్టించడంతో ఈ కుక్కలో మొదటి మూడూ పదునెక్కాయి, చివరి రెండూ మొద్దుబారాయి. తల దించి, రెప్ప వేయకుండా చూస్తూ ముందుకు జరిగితే చాలు, గొర్రెలు కదులుతాయి. మంద చుట్టూ కంటికి కనపడని హద్దు ఒకటుంటుంది. కుక్క దాని అంచు తాకితే మంద అవతలికి నడుస్తుంది, లోపలికి దూరితే చెదిరిపోతుంది. అందుకే మంచి కుక్క దూరంగా చుట్టు తిరిగి వెళ్లి, కాపరికి సరిగ్గా ఎదురుగా, మందకు ఆ పక్కన నిలుస్తుంది.

తిరుపతి అపార్ట్‌మెంట్లో ఆ చూపుకు గొర్రెలు దొరకవు. స్కూటర్లు, పరిగెత్తే పిల్లల మడమలు, ఫ్యాన్ నీడ దొరుకుతాయి. బంతి విసిరి విసిరి అలసగొడదామంటే దమ్ము పెరుగుతుందే తప్ప, బుద్ధి కుదుటపడదు. లేజర్ లైటు అసలే వద్దు. అందని వెలుగు వెంట పడి, తర్వాత గోడ మీద నీడల్ని గంటలకొద్దీ వెతికే జబ్బు తగులుకుంటుంది. ఈ కుక్క మెదడుకు పని కావాలి. అమెరికాలో చేజర్ అనే బోర్డర్ కోలీ వెయ్యికి పైగా బొమ్మల్ని పేర్లతో గుర్తుపట్టింది. ఒక్క బొమ్మతో మొదలుపెట్టి, దాని పేరు పట్టుబడ్డాకే రెండోది తేవాలి.

మొదట నేర్పాల్సింది 'పడుకో'. అయిదు మీటర్ల తాడు కట్టి, పూటకు పది నిమిషాలు చాలు. స్కూటర్ మీద చూపు నిలిచిన క్షణంలోనే మాట పడాలి. పరుగు మొదలయ్యాక చెవికెక్కదు. గొర్రెల దగ్గరికి పది నెలలు దాటాకే తీసుకెళ్లాలి, అదీ అయిదారు సాధు గొర్రెలతోనే. కొత్తగా ఈనిన తల్లి కుమ్మితే కుర్రకుక్క జంకుతుంది, లేదా కరవడానికి తెగిస్తుంది. మన నెల్లూరు గొర్రెలవి పొడవాటి కాళ్లు, వేగం ఎక్కువ. ఇరుకు దొడ్డిలో నేర్పడం కష్టం.

ఏప్రిల్, మే నెలల్లో నడక తెల్లవారకముందే ముగియాలి. వేడి తగ్గుతుందని బొచ్చు గొరిగించేవాళ్లున్నారు, అది తప్పు. ఆ రెండు పొరలే చర్మానికి నీడ. నాలుక ఎర్రబడి, నడక తూలితే ఒళ్లంతా మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ కింద ఉంచి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి.

అన్నిటికన్నా జాగ్రత్త పడాల్సింది ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందుతో. గొర్రెలకు వేసిన ఇంజెక్షన్ మిగిలిందని పిడుదులకు కుక్కకూ వేసేస్తారు. కోలీ జాతుల్లో కొన్నింటికి ఎండీఆర్1 జన్యులోపం ఉంటుంది. మందును మెదడులోకి పోనీయకుండా అడ్డుకునే ప్రొటీన్ వాటిలో పనిచేయదు. బోర్డర్ కోలీల్లో ఇది అరుదే, కానీ పైకి చూసి చెప్పలేం, జన్యు పరీక్షలోనే తెలుస్తుంది. గొర్రెల మోతాదు పడితే చొంగ, తూలుడు, చూపు మందగింపు, ఆపై స్పృహ తప్పడం. దీనికి నేరుగా విరుగుడు మందు లేదు. మందు వేసిన మంద పెంటికలు తిన్నా ఇదే ముప్పు, అందుకే ఆ రోజుల్లో కుక్కను దొడ్డిలోకి వదలకూడదు.