హమాలీ సంఘం: అపోహలు, వాస్తవాలు, కొన్ని ఒప్పుకోళ్ళు

పద్దెనిమిదేళ్ళు మెడ మీద బస్తా మోశాను. మోకాలు మొరాయించాక, చదవడం రాయడం వచ్చని మా ముఠావాళ్ళు నన్ను సంఘం కార్యదర్శిగా కూర్చోబెట్టారు. ఇది పదకొండో ఏడు. మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న మార్కెట్ ఊరు: నాలుగు బియ్యం మిల్లులు, ఎరువుల గోదాములు, ఒక టోకు కిరాణా బజారు. ఇక్కడ మమ్మల్ని ముఠా కార్మికులు అంటారు. విశాఖ వైపు కళాసీలంటారు, కొన్నిచోట్ల జట్టు కూలీలంటారు, తెలంగాణలోనూ సీమలోనూ హమాలీలంటారు. పేరు మారినా మా గురించి టీ దుకాణాల దగ్గర వినిపించే మాటలు మారవు. వాటిలో కొన్ని పూర్తిగా తప్పు. కొన్ని సగం నిజం. ఆ సగం నిజాల గురించి మావాళ్ళకు కోపం వచ్చినా రాయాలనే కూర్చున్నాను.

అపోహ: సంఘమంటే సమ్మె

ఈ పదకొండేళ్ళలో మేము రెండుసార్లు పని ఆపాం. రెండూ కలిపితే ఏడు రోజులు. మిగిలిన రోజులన్నీ లెక్కలతోనే గడిచాయి.

రెండేళ్ళకోసారి వర్తకుల సంఘంతో కూలి రేట్ల ఒప్పందం రాసుకుంటాం. బయటివారు అది ఒక్క అంకె అనుకుంటారు. మా ఒప్పందం ఆరు పేజీలు. ఎరువుల బస్తాను లారీ నుంచి గోదాములోకి దించడానికి ఒక రేటు. అదే బస్తాను పదో వరుస దాటి పైకి పేర్చి నెట్టు కట్టాలంటే మరో రేటు. లారీ గుమ్మం దాకా రాలేక వీధి చివర ఆగిపోతే అదనం. ఉప్పు, సిమెంటు, బెల్లం, నూనె డబ్బాలు, ఇలా దేనికది వేరు. ఉప్పు చెమటతో కలిసి వీపు మీద పుండు చేస్తుంది. సిమెంటు ఊపిరిలోకి పోతుంది. వేసవిలో బెల్లం కారి మెడకు అంటుకుంటే చీమలు, ఈగలు సాయంత్రం దాకా వదలవు. వర్తకుడికి ఇవన్నీ తెలుసు. కానీ కాగితం మీద లేనిది బేరం వేళ ఎవరికీ గుర్తుకు రాదు.

చర్చల్లో గొంతు పెంచితే పని జరుగుతుందని నేనూ మొదట్లో అనుకున్నాను. పనికొచ్చేవి రెండే: గత ఏడాది ఏ గోదాములో ఎన్ని బస్తాలు ఎత్తామో చూపించే మా పుస్తకం, పక్క ఊరి ఒప్పందం నకలు.

ఇక రోజువారీ పంపకం. ముఠాలో పదిహేను మంది ఉంటే రోజంతా వచ్చిన కూలి ఒకచోట చేరుతుంది. సాయంత్రం మేస్త్రీ చీటీ చూసి అందరికీ సమాన వాటాలు వేస్తాడు. యాభై ఐదేళ్ళు దాటినవాడికి గోతాలు కుట్టడం, లెక్క పెట్టడం అప్పగిస్తాం, వాటా మాత్రం తగ్గించం. కుర్రవాళ్ళు దీని మీద గొణుగుతారు. నేను కుర్రవాడిగా ఉన్నప్పుడు నేనూ గొణిగాను. నా దగ్గరికి వచ్చే తగాదాల్లో ఎక్కువ భాగం వర్తకుడితో కావు, ఈ వాటాల మీదే.

అపోహ: బలముంటే చాలు, ఎంత బరువైనా మోయవచ్చు

ఇది బయటి అపోహ కాదు, మాది. వంద కిలోల బస్తా ఒంటరిగా ఎత్తానని చెప్పుకోవడం మా తరంలో మగతనం. ఆ మగతనాన్ని ఇప్పుడు ఎముకల డాక్టరు దగ్గర లెక్కపెడుతున్నాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో ఒక మనిషి మోసే బరువు గురించి 127వ నంబరు ఒడంబడిక చేసింది. దానితోపాటు వచ్చిన సిఫార్సు మగవారికి 55 కిలోల హద్దు సూచించింది. మన దేశం ఆ ఒడంబడికను ఆమోదించింది 2010లో. నలభై మూడేళ్ళు పట్టిందన్నమాట.

సిమెంటు, ఎరువులు 50 కిలోలకు, అంతకు లోపుకు వచ్చాయి. కానీ డెల్టాలో రైతు ఇప్పటికీ ఎకరానికి ఇన్ని బస్తాలు పండాయని చెప్పేటప్పుడు లెక్క 75 కిలోల బస్తాదే. ఆ బస్తా మాటల్లోనే ఉంటే మాకు బాధ లేదు. అప్పుడప్పుడు మెడ మీదికీ వస్తుంది. మా ఒప్పందంలో 50 కిలోలు దాటిన ప్రతి బస్తాకు ఇద్దరి కూలి అని రాసుకున్నాం. రాసిన ఏడాదికే పెద్ద బస్తాలు సగానికి సగం తగ్గిపోయాయి. ఆరోగ్యం గురించి మేము చెప్పిన మాటలకన్నా ఆ ఒక్క వాక్యమే ఎక్కువ పని చేసింది.

అపోహ: హమాలీ రేటు పెరిగితే ఆ భారం రైతు మీదే పడుతుంది

సగం నిజం, నన్ను ఎక్కువగా నొప్పించేదీ ఇదే. పంట అమ్ముకున్న రైతు చేతికి వచ్చే చీటీలో కమీషను, కాటా కూలి, హమాలీ వేర్వేరుగా రాసి ఉంటాయి. మిగతావి రైతుకు కనిపించని చోట తేలుతాయి. హమాలీ మాత్రం ఎదురుగా చెమటతో నిలబడి ఉంటాడు కాబట్టి కోపం వాడి మీదికే పోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం ధాన్యం కొన్నప్పుడు గోతాలు, హమాలీ, రవాణా ఖర్చులు రైతుకు తిరిగి చెల్లించే పద్ధతి ఉంది. జీఎల్‌టీ అంటారు. ఆ డబ్బు ఆలస్యమైతే రైతు ముందు జేబులోంచి పెట్టుకోవాలి. అప్పుడు కళ్ళం దగ్గర రైతూ హమాలీ పోట్లాడుకుంటారు, ఆ కూలి అసలు ఎవరు భరించాలన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు.

ఒక రబీలో మేము చేసిన పని చెబుతాను. రేట్ల చర్చకు వెళ్ళేముందు చుట్టుపక్కల ఆరు ఊళ్ళ రైతులను పిలిచి మా పట్టిక చదివి వినిపించాం. మొదట అరిచారు. తర్వాత ఒక పెద్దాయన లేచి, ‘కళ్ళంలో గోతాలు నింపే కూలి పెంచకండి, మిల్లు దగ్గర దించే కూలి మీరు ఎంతైనా అడుక్కోండి, అది మిల్లువాడిది’ అన్నాడు. మాకు ఎన్నడూ తట్టని మాట. ఆ ఏడాది అలాగే రాశాం. మా ముఠాల్లో చాలామంది తొలకరికి ఎకరమో అరెకరమో కౌలు చేసేవాళ్ళే. రైతుగా ఉన్నప్పుడు తిట్టి, హమాలీగా ఉన్నప్పుడు తిట్లు తినే మనుషులం మేము.

అపోహ: సంఘం పెట్టాలంటే యజమాని అనుమతి, ఏదో ఒక పార్టీ జెండా కావాలి

రెండూ అక్కర్లేదు. సంఘం పెట్టుకునే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలో ఉంది. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టం ప్రకారం ఏడుగురు కలిస్తే నమోదుకు దరఖాస్తు చేయవచ్చు. 2001 సవరణ తర్వాత ఆ పరిశ్రమలో పనిచేసేవారిలో పదో వంతు లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులు ఉండాలి, అయితే ఏడుగురికి తగ్గకూడదు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ పాత చట్టాన్ని తనలో కలుపుకున్నా ఈ ఏడుగురి లెక్క అలాగే ఉంచింది. సమ్మెకు 14 రోజుల ముందే నోటీసు ఇవ్వాలన్న షరతు మాత్రం మునుపు ప్రజోపయోగ సేవలకే ఉండేది, ఇప్పుడు పారిశ్రామిక సంస్థలన్నింటికీ వర్తిస్తుంది. కాబట్టి పాత అలవాటుతో రాత్రి అనుకుని తెల్లారి పని ఆపేవారు ముందు ఒక వకీలుతో మాట్లాడడం మంచిది.

‘మీ నాయకుడు ఏనాడైనా బస్తా మోశాడా?’ అని వెటకారంగా అడుగుతుంటారు. నా విషయంలో జవాబు తేలికే. కానీ మోయని నాయకులూ అవసరమే. 1918లో మద్రాసు లేబర్ యూనియన్‌ను నడిపిన బి.పి.వాడియా బట్టల మిల్లు కార్మికుడు కాదు, దివ్యజ్ఞాన సమాజం మనిషి. మిల్లు యాజమాన్యం ఆయన్ను కోర్టుకు ఈడ్చింది. సంఘం పని చేయడమే నేరమయ్యే పరిస్థితి ఉందని అప్పుడు దేశానికి అర్థమైంది. 1926 చట్టం వెనుక ఆ కేసు ఉంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికులను కూడగట్టిన మన వి.వి.గిరి కూడా చదువుకుని వచ్చిన బారిస్టరే, రైలు నడిపినవాడు కాదు. కార్యవర్గంలో బయటివారు ఎందరు ఉండవచ్చో చట్టం హద్దు పెట్టింది. మాలాంటి అసంఘటిత రంగంలో కనీసం సగం మంది ఆ పని చేసేవారే కావాలి.

అపోహ: చందా నాయకుల జేబులోకి పోతుంది

పోయిన చోట్లు ఉన్నాయి. అడగని చోటల్లా పోతుంది. చాలామంది సభ్యులకు తెలియనిది ఏమిటంటే, నమోదైన సంఘం ఏటా లెక్కలు రిజిస్ట్రారుకు పంపాలి, ఖాతా పుస్తకాలు చూపించమని ఏ సభ్యుడైనా అడగవచ్చు. రాజకీయ పనులకు ఖర్చు పెట్టాలంటే వేరే నిధి ఉండాలి, దానికి చందా ఇవ్వలేదని ఎవరినీ వెలివేయకూడదు. ఈ సంగతి నేను ప్రతి మహాసభలో చదువుతాను. చదివినప్పుడల్లా వెనుక బల్లల మీద కొందరు నిద్రపోతారు. అయినా చదువుతాను.

అపోహ: హమాలీలకు ఏ చట్టమూ లేదు

ఉంది. అదే విచిత్రం. ముఠా, జట్టు, హమాలీ తదితర శ్రామికుల పని నియంత్రణ, సంక్షేమం కోసం ఆంధ్రప్రదేశ్ శాసనసభ 1976లోనే చట్టం చేసింది. మహారాష్ట్రలో 1969లో వచ్చిన మాథాడీ చట్టం కూడా ఇలాంటిదే. అక్కడ బోర్డులు ఏర్పడ్డాయి. వర్తకుడు కూలితోపాటు కొంత శాతం బోర్డుకు కడితే అందులోంచి భవిష్యనిధి, సెలవు జీతం, వైద్యం నడుస్తాయి. మా ఊళ్ళో నేను బోర్డు చూడలేదు, బోర్డు చూసినవాడినీ చూడలేదు. అర్జీల్లో మేము ఆ చట్టం పేరు రాస్తే దాని నకలు మమ్మల్నే అడిగిన గుమస్తాలున్నారు.

ఇంకో సంగతి. రవాణా సంస్థ దగ్గర సరకు ఎత్తి దించే హమాలీలు కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. ఒకే సంస్థ దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసే ముఠాలు ఈ తీర్పు చేతిలో పెట్టుకుని అడగాలి. ఉదయం ఒక కొట్టు, మధ్యాహ్నం ఇంకో కొట్టు అన్నట్టుగా తిరిగే మాలాంటివారికి అది అంత సులువు కాదు.

అపోహ: ముఠా అంటే దౌర్జన్యం

కేరళలో ‘నోక్కుకూలి’ అని ఒకటి ఉండేది. వేరేవారు సరకు దించుకుంటుంటే నిలబడి చూసినందుకు కూలి అడగడం. 2018 మే 1 నుంచి అక్కడి ప్రభుత్వం దాన్ని నిషేధించింది. మా ప్రాంతంలో ఆ పేరు లేదు గానీ ఆ వాసన లేదని చెప్పలేను. ఇల్లు మారే ఉద్యోగి తన మంచం తాను దించుకుంటుంటే మా కుర్రవాళ్ళు ఇద్దరు అడ్డుపడ్డారు. డబ్బు తీసుకున్నారు కూడా. మరునాడు నేను వెళ్ళి తిరిగి ఇచ్చి వచ్చాను. అప్పటినుంచి ఇంటి సామాను జోలికి పోకూడదని తీర్మానం ఉంది.

ముఠాలో చోటు అమ్ముకోవడం అంతకంటే పెద్ద జబ్బు. ఒకరు పని మానేస్తే ఆ చోటు కొడుక్కో అల్లుడికో, లేదా డబ్బిచ్చినవాడికో పోయేది. నా ముందు కాలంలో జరిగింది, నా కాలంలోనూ ఒకసారి నా కళ్ళ ముందే జరిగింది. చూసీ చూడనట్టు ఉన్నాను. ఇప్పుడు ఖాళీలు నోటీసు బోర్డు మీద రాస్తున్నాం. కొడుకుకు మొదటి అవకాశం మాత్రం ఇంకా తీసేయలేకపోయాం.

అపోహ: వాళ్ళ గొడవ వాళ్ళది, ఊరికి ఏం సంబంధం?

మా రెండో సమ్మె నాలుగు రోజులు సాగింది. అందులో నాకు నినాదాలకన్నా వంటే ఎక్కువ గుర్తుంది. రెండో రోజుకు ఇళ్ళలో బియ్యం అయిపోయాయి. వర్తకుల వీధిలోనే చిన్న కిరాణా కొట్టు నడిపే ఒకాయన పుస్తకంలో రాసుకుని సరకు ఇచ్చాడు. తోటి వర్తకులు ఆయన మీద కారాలు మిరియాలు నూరారు. మార్కెట్ గేటు దగ్గర పదకొండు లారీలు సరకుతో నిలిచిపోయాయి. డ్రైవర్లంతా పై రాష్ట్రాలవారు, మా గొడవతో ఏ సంబంధమూ లేనివారు. వారికీ మా శిబిరంలోనే అన్నం పెట్టాం. మూడో రోజు వాళ్ళే వంటకు నీళ్ళు మోశారు.

అందుకే అంగన్‌వాడీ కార్యకర్తలు 2023 డిసెంబరు 12న సమ్మె మొదలుపెట్టినప్పుడు మాకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. మా ఊరి శిబిరానికి ముఠాకో బస్తా బియ్యం వెళ్ళింది. ఆ సమ్మె 42 రోజులు నడిచింది. మధ్యలో ప్రభుత్వం సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించింది. మా పిల్లలకు గుడ్డు ఉడకబెట్టి పెట్టే మనుషులు వాళ్ళు, వారి సంఘం ఏ జెండాదని మేము అడగలేదు.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు రెండు ముఠాలు వెళ్ళాయి. సాయం చేయాలన్న మనసు అక్కడ అందరికీ ఉంది. లారీ ఖాళీ చేయడం మాత్రం అందరికీ రాదు. నీళ్ళ సీసాల అట్టపెట్టెలు కింది వరుస తడిస్తే పై వరుసలన్నీ కూలిపోతాయి. మావాళ్ళు బల్ల వేసి, వరుసగా నిలబడి, చేతుల మీదుగా అందిస్తూ దించారు. పుణెలో హమాల్ పంచాయత్ బాబా ఆఢావ్ నాయకత్వంలో కష్టజీవులకు చౌకగా భోజనం పెట్టే వంటశాలలు నడిపింది. మాకు అంత స్తోమత లేదు. తెలిసిన పని తీసుకుని వెళ్ళడం వరకే మాకు చేతనయింది.

అపోహ: ఇది మగవారి పని, మగవారి సంఘం

యార్డులో ధాన్యం ఊడ్చేది, చెరిగేది, మిర్చి తొడిమలు తీసేది ఎవరు? మేము బస్తాను మోసేముందు ఆ బస్తాలోకి వెళ్ళేదంతా ఆడవారి చేతుల మీదుగానే వెళ్తుంది. అయినా ముప్పై ఏళ్ళు మా సంఘం సభ్యత్వ పుస్తకంలో ఒక్క ఆడపేరు లేదు. ‘వాళ్ళు బరువు మోయరు కదా’ అనేవాళ్ళం. కుట్టుపని చేసే ముసలి హమాలీ కూడా బరువు మోయడని ఒకామె సభలో నిలబడి అడిగేదాకా మాకు తట్టలేదు. నిరుడు పధ్నాలుగు మంది చేరారు. మొదటి సమావేశంలో వారు కూలి సంగతి ఎత్తలేదు. యార్డు మరుగుదొడ్డి తలుపుకు లోపలి గొళ్ళెం కావాలన్నారు. అర్జీ ఇచ్చి ఐదు నెలలైంది. గొళ్ళెం ఇంకా రాలేదు, నకలు నా సంచిలో ఉంది. వచ్చే సోమవారం వాళ్ళే వెళ్ళి అడుగుతారట, నన్ను వెనుక నిలబడమన్నారు.