మీటరు మీద మెరిసే ఎర్ర చుక్క

పిల్లలూ,

బిల్లు ఎక్కువొచ్చిన నెల ప్రతి ఇంట్లోనూ మొదట వినపడే మాట "లైట్లు ఆర్పండి" అని. ఆర్పండి, మంచిదే. కానీ 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు ఒక్క యూనిట్ కరెంటు, అంటే గంటసేపు 1000 వాట్లు, కాల్చాలంటే 111 గంటలు వెలగాలి. 2000 వాట్ల గీజరుకి అదే యూనిట్ అరగంట పని. వేడి పుట్టించేవీ, వేడిని లోపలి నుంచి బయటికి తోసేవీ, అంటే గీజరు, ఇస్త్రీపెట్టె, ఏసీ, ఫ్రిజ్, అసలు మింగేది ఇవే. వీటిని వదిలేసి బల్బుల వెంటపడితే గజదొంగను వదిలి చిల్లర దొంగను పట్టుకున్నట్టే.

మీ ఇంట్లో గజదొంగ ఎవరో నా మాట మీద నమ్మకండి, మీటరునే అడగండి. ముట్టుకోవద్దు, చూస్తే చాలు. చాలా డిజిటల్ మీటర్ల మీద ఓ చిన్న ఎర్ర లైటు మెరుస్తూ ఆరుతూ ఉంటుంది. యూనిట్‌కి అది ఎన్నిసార్లు మెరుస్తుందో మీటరు మీదే అచ్చువేసి ఉంటుంది, 1600 అనో 3200 అనో. వాచీ పట్టుకుని ఒక నిమిషం లెక్కపెట్టండి. 3200 మీటరు మీద 40 మెరుపులు వచ్చాయనుకోండి. గంటకి 2400. దాన్ని 3200తో భాగిస్తే 0.75. అంటే ఇల్లు ఆ సమయంలో 750 వాట్లు లాగుతోందన్నమాట. ఇక ఒకరు లోపల ఒక్కో స్విచ్చి ఆపుతుంటే ఇంకొకరు మళ్ళీ లెక్కపెట్టండి. ఒక్క మెలిక ఉంది: ఫ్రిజ్ కంప్రెసరు తనంతట తనే ఆగి మళ్ళీ మొదలవుతుంది. మధ్యలో అది అందుకుంటే మీ లెక్కంతా తారుమారు, దాని చప్పుడు మీద ఓ చెవి వేసి ఉంచండి. అన్నీ ఆపేశామనుకున్నా చుక్క మెరుస్తోందంటే, రిమోట్‌తో ఆపి వదిలేసిన టీవీ లాంటిదేదో ఇంకా లాగుతోంది. 10 వాట్లే కదా అనుకోవద్దు, ఏడాది పొడుగునా అయితే దాదాపు 88 యూనిట్లు.

ఇప్పుడు ఎండ సంగతి. ఎండ నేరుగా పడే చదరపు మీటరు చోటు మీద మధ్యాహ్నం పూట సుమారు 1000 వాట్ల వేడి దిగుతుంది. సాయంత్రం పడమటి కిటికీలోకి ఏటవాలుగా కొట్టే ఎండ కొంచెం తగ్గినా, గదిలో ఓ హీటరు పెట్టినట్టే. కిటికీ లోపల కర్టెన్ వేస్తే సగం పనే అవుతుంది. ఎండ అద్దం దాటి వచ్చి గుడ్డకు తగిలి వేడిగా మారిపోతుంది, ఆ వేడి మళ్ళీ అద్దం దాటి వెళ్ళలేక గదిలోనే ఉండిపోతుంది. అదే గుడ్డనో చాపనో అద్దానికి బయటివైపు కట్టండి, వేడి బయటే మిగిలిపోతుంది. నన్నడిగితే డబ్బు పెట్టి కొనే ఏ మెషీను కన్నా ముందు చేయాల్సిన పని ఇది.

కిటికీలు ఎప్పుడు తెరవాలన్న దానికి రెండు థర్మామీటర్లు చాలు. ఒకటి గదిలో, ఒకటి బయట నీడలో. బయట ఎక్కువుంటే మూయండి, తక్కువుంటే తెరవండి. తెరిస్తే ఎదురెదురుగా రెండు తెరవండి. ఒక్కటే తెరిస్తే వచ్చిన గాలికి పోయే దారి ఉండదు.

ఫ్యాన్ గదిని చల్లబరచదు, మన చెమటను ఆరబెడుతుంది. మనుషులు లేని గదిలో తిరిగే ఫ్యాన్ తన మోటారు వేడితో గదిని ఇంకాస్త వేడెక్కిస్తుంది, అంతే. పాత రకం 75 వాట్లు లాగే చోట కొత్త బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) రకం 30 వాట్ల చుట్టుపక్కల లాగుతుంది. కానీ గదిలో గాలి 40 డిగ్రీలు దాటితే ఫ్యాన్ ఒంటిని చల్లబరచదు సరికదా, వేడి చేస్తుంది. అలాంటప్పుడు ముసలివాళ్ళనీ పసిపిల్లలనీ ఒళ్ళు తడిగుడ్డతో తుడిచి చల్లటి చోటికి చేర్చండి. ఆ పూట బిల్లు లెక్క చూడొద్దు.

ఎయిర్ కూలరు పెట్టి కిటికీలన్నీ మూసేసేవాళ్ళు ఉంటారు. లీటరు నీరు ఆవిరవుతూ గాలిలోంచి దాదాపు 0.67 యూనిట్ వేడిని లాగేస్తుంది, కూలరు పనంతా అదే. గది మూస్తే ఆ ఆవిరి అక్కడే పేరుకుని, గాలి ఇంకేమీ పీల్చుకోలేక, చివరికి ఉక్కే మిగులుతుంది. కూలరు నడుస్తుంటే ఎదురు కిటికీ తెరిచే ఉండాలి. వానాకాలపు ముసురులో అది ఎలాగూ పనిచేయదు.

ఏసీకి లెక్క వేరు, తలుపులు బిగించాలి. ఇన్వర్టరు (కంప్రెసరు వేగాన్ని పెంచి తగ్గించే ఏర్పాటు) లేని ఏసీని 18లో పెట్టినా 24లో పెట్టినా మొదట చల్లబరిచే వేగం ఒక్కటే, కంప్రెసరుకి ఉన్నది ఒకే వేగం కాబట్టి. 18లో పెడితే త్వరగా చల్లబడదు, చాలాసేపు ఆగకుండా తిరుగుతుంది. 24 నుంచి 26 మధ్య పెట్టి, పైన ఫ్యాన్ నెమ్మదిగా తిప్పండి. ఏసీ ముందువైపు మూత కింద నీళ్ళు కారుతుంటే మెకానిక్‌ని పిలిచే ముందు ఫిల్టరు చూడండి. దుమ్ము పట్టి గాలి ఆడకపోతే లోపలి కాయిల్ మీద మంచు కట్టి, కరిగి, కారుతుంది. మెయిన్ స్విచ్చి పెద్దవాళ్ళ చేత ఆపించి, జాలీ తీసి, దుమ్ము పట్టని వైపు నుంచి కుళాయి ధార పట్టండి. దుమ్ము పట్టిన వైపు నుంచి పడితే అది కన్నాల్లోకి దిగబడుతుంది. నీడలో పూర్తిగా ఆరాకే బిగించండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ చట్రం వంకర పోతుంది. వాడకం ఉన్న రోజుల్లో రెండు వారాలకోసారి చాలు.

గీజరులో 15 లీటర్ల నీళ్ళు 30 డిగ్రీలు వేడెక్కడానికి సుమారు అర యూనిట్, పావుగంట పైచిలుకు పడుతుంది. అంతకన్నా ముందు వేసి మరిచిపోతే, చల్లారే నీళ్ళను మళ్ళీ మళ్ళీ కాచడమే దాని పని.

ఫ్రిజ్‌కి కాగితం పరీక్ష చేయండి. ఓ కాగితం తలుపు అంచున పెట్టి మూసి మెల్లగా లాగండి. బిగువుగా వస్తే రబ్బరు బాగున్నట్టు, జారిపోతే ఆ చోట చల్లదనం బయటికి పోతున్నట్టు. నాలుగు వైపులా చూడాలి, ముఖ్యంగా కింది మూల. చాలాసార్లు రబ్బరు పోయి ఉండదు, మడతల్లో జిడ్డు పేరుకుని ఉంటుంది. సబ్బునీళ్ళ గుడ్డతో తుడిచి, మర్నాడు మళ్ళీ లాగి చూడండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య